తక్కువ కార్బ్ బేకింగ్ మిక్స్‌తో టీ బన్ను చేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కావలిలో ఉంటున్న మీ నాన్నగారికి అరవై దాటాయి, కొన్నేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు, ఇన్సులిన్ లేదు. సాయంత్రం టీలో బేకరీ బన్ను ముంచుకుని తినడం ఆయనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. డాక్టరుగారు బన్ను మానమన్న తరువాత ఆయనకు టీ కూడా రుచించడం లేదు. మీరు ఆన్‌లైన్‌లో తక్కువ కార్బ్ బేకింగ్ మిక్స్, అంటే పిండిపదార్థాలు (కార్బోహైడ్రేట్లు) తగ్గించి రొట్టెలకు, కేకులకు సిద్ధంగా కలిపిన పొడి, ఒక ప్యాకెట్ తెప్పించారు. దానితో బన్ను వస్తుందా, వస్తే ఆయన షుగరు అదుపులోనే ఉంటుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు: ఇటువంటి మిక్స్‌లలో చాలావాటితో బన్ను ఆకారం వస్తుంది గాని బేకరీ బన్ను రాదు, టీలో ముంచిన క్షణంలోనే మీ నాన్నగారు ఆ తేడా పట్టేస్తారు. షుగరు తక్కువగా పెరుగుతుందా లేదా అన్నది ప్యాకెట్ ముందువైపు అక్షరాలను బట్టి ఉండదు, వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాలను బట్టి ఉంటుంది. అందువల్ల ఆ మిక్స్‌తో బన్నుకు నకలు చేయాలని ప్రయత్నించకుండా టీ కేకు గాని, రస్కు గాని చేసి పెట్టండి. బన్నే కావాలని ఆయన పట్టుబట్టిన రోజున అసలు బన్నే సగం ఇచ్చి, గ్లూకోమీటరుతో ఫలితం చూసుకోండి.

నేను నెల్లూరులో చాలాకాలం బేకరీ నడిపాను. ఇప్పుడు ఇంటి దగ్గరే, ముందుగా చెప్పినవారికి మాత్రం, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి రొట్టెలు, కేకులు చేసి ఇస్తున్నాను. నేను డాక్టరును కాను. పిండి గురించి, ఓవెన్ గురించి చెప్పేది నా పనిలోంచి చెబుతున్నాను. మందుల గురించి రాసిన భాగాన్ని మాత్రం మీ డాక్టరును అడగవలసిన విషయాలుగా తీసుకోండి.

బన్ను ఎందుకు రాదో తెలిస్తే ప్యాకెట్ ఎంపిక సులభమవుతుంది కాబట్టి అది కొంచెం వివరంగా చెబుతాను. మైదాలో నీళ్లు పోసి బాగా పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే అల్లికగా తయారవుతాయి. ఈస్టు చక్కెరను తిని వదిలే వాయువు ఆ అల్లికలో బుడగలుగా చిక్కుకుంటుంది, పిండి పొంగుతుంది. ఓవెన్ వేడికి మైదాలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని గట్టిపడి, ఆ బుడగల గోడలను పడిపోకుండా నిలబెడుతుంది. బన్ను నొక్కితే లోపలికి పోయి తిరిగి పైకి లేవడం, టీని పీల్చుకుని కూడా విడిపోకపోవడం, ఈ రెండూ ఆ అల్లిక వల్లనే. తక్కువ కార్బ్ మిక్స్ అంటే మైదాను తీసివేసిన మిక్స్. అల్లిక కట్టేదీ, దానిని నిలబెట్టేదీ రెండూ అందులోంచి పోయాయి. ఆ స్థానంలో తయారీదారు ఏమి పెట్టాడన్నదే అసలు ప్రశ్న.

నేను చూసినంతలో ఇవి రెండు రకాలు. మొదటిది బాదం పిండి, కొబ్బరి పిండి, అవిసె గింజల పొడి, ఇసబ్‌గోల్ పొట్టు కలిసిన రకం. ఇది ఈస్టుతో పొంగదు, బేకింగ్ పౌడరుతో, కోడిగుడ్డుతో కొద్దిగా లేస్తుంది. లోపల కేకులాగా పొడిపొడిగా గాని, ఇసబ్‌గోల్ ఎక్కువైతే కొంచెం జిగురుగా గాని ఉంటుంది. రెండవది గోధుమ గ్లూటెన్‌ను విడిగా కలిపి, దానికి ఓట్స్ పీచునో, జీర్ణం కాని గోధుమ స్టార్చినో జోడించిన రకం. ఇది ఈస్టుతో నిజంగానే పొంగుతుంది, సాగుతుంది, బన్నుకు చాలా దగ్గరగా వస్తుంది. మీ ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితాలో మొదటి రెండు మూడు పేర్లలో "వీట్ గ్లూటెన్" అని ఉంటే, బన్ను రాదని నేను పైన చెప్పిన మాట మీకు పూర్తిగా వర్తించదు. ఈస్టు వేసి ప్రయత్నించవచ్చు. గ్లూటెన్ పడని జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ రకం ఎంతమాత్రం పనికిరాదు. బజారులో, ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేది మొదటి రకమే, మీరు కొన్నది కూడా అదే అయి ఉంటుందనుకుని మిగతాది రాస్తున్నాను.

టీలో ముంచడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారి ఇష్టమంతా అక్కడే ఉన్నట్లుంది. బాదం పిండిలో సగం బరువు కొవ్వే. ఆ బన్నును వేడి టీలో ముంచగానే కొవ్వు కరిగి టీ మీద నూనె చుక్కలు తేలుతాయి, ముంచిన భాగం విడిపోయి కప్పు అడుగున పిప్పిగా చేరుతుంది. ఇసబ్‌గోల్ ఎక్కువగా ఉన్న బన్ను విడిపోదు గాని, టీ తగిలిన పొర జారుడుగా మారుతుంది. ఒంగోలు నుంచి ఒకావిడ తన మామగారి కోసం ఇటువంటి బన్నులే కావాలని పట్టుపట్టి చేయించుకున్నారు. ఆయన మొదటి ముక్క ముంచి, రెండవ ముక్క ముట్టుకోలేదు. అదే పిండిని ఆ తరువాత పలుచని ముక్కలుగా కోసి ఎండబెట్టి రస్కులుగా ఇస్తే ఇష్టంగా తిన్నారు, ఇప్పటికీ అవే అడుగుతున్నారు. బన్ను అన్న పేరు పెట్టి ఇచ్చినదాన్ని నాలుక అసలు బన్నుతోనే పోల్చుకుంటుంది. రస్కు అని ఇచ్చినప్పుడు ఆ పోలిక ఉండదు. ఒకసారి మీ నాన్నగారినే అడగండి: బన్నులో ఆయనకు నచ్చేది ముంచుకోవడమా, మెత్తదనమా, లేక వెన్న రాసి పెనం మీద కాల్చిన ఆ వాసనా? వెన్న వాసనే అయితే మీ పని తేలిక. ఏ తక్కువ కార్బ్ రొట్టె అయినా అడ్డంగా కోసి, వెన్న రాసి, పెనం మీద ఎర్రగా కాల్చి ఇస్తే సగం లోపాలు కనిపించకుండా పోతాయి.

ఇక ప్యాకెట్ వెనుకవైపు. మన దేశంలో పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలన్నది నిబంధన. మొదటి మూడు పేర్లు చదివితే ప్యాకెట్‌లో సింహభాగం ఏమిటో తెలిసిపోతుంది. మాల్టోడెక్స్ట్రిన్ (స్టార్చిని విడగొట్టి చేసే పొడి), టాపియోకా (కర్రపెండలం) స్టార్చి, మొక్కజొన్న స్టార్చి, బియ్యప్పిండి, ఓట్స్ పిండి మొదటి మూడింటిలో కనిపిస్తే దానిని పక్కన పెట్టండి. మాల్టోడెక్స్ట్రిన్ రుచికి తియ్యగా ఉండదు, లేబుల్ మీద చక్కెరల లెక్కలోకి కూడా పెద్దగా రాదు. రక్తంలోకి మాత్రం గ్లూకోజుకు తగ్గని వేగంతో చేరుతుంది. కోవూరు నుంచి నా దగ్గరకు వచ్చే ఒక ఉపాధ్యాయుడు "షుగర్ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో ఉన్న ఒక కేకు మిక్స్ వాడి, షుగరు ఎందుకు దూకుతున్నదో తెలియక మాత్ర పనిచేయడం లేదనుకున్నారు. ఆ ప్యాకెట్ తెచ్చి చూపిస్తే మొదటి పేరు మైదా, రెండవది మాల్టోడెక్స్ట్రిన్. చక్కెర కలపలేదన్నది నిజమే, పిండిపదార్థం తగ్గించామని వారు ఎక్కడా చెప్పలేదు కూడా. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరంలోనే చాలామంది మోసపోతారు.

తరువాత తీపి కోసం ఏమి కలిపారో చూడండి. ఎరిత్రిటాల్, మాల్టిటాల్ అనేవి చక్కెరకు బదులుగా వాడే తీపి ఆల్కహాళ్లు. ఎరిత్రిటాల్ రక్తంలో గ్లూకోజును దాదాపుగా పెంచదు, తీపి చక్కెరలో మూడింట రెండు వంతులు ఉంటుంది, నోటిలో కొంచెం చల్లగా తగులుతుంది. మాల్టిటాల్ అలా కాదు, అది చక్కెర కంటే తక్కువగానే అయినా షుగరును పెంచుతుంది. పైగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు కలిగిస్తుంది. లేబుల్ మీద పేరుకు బదులు సంఖ్య ఉంటే 968 ఎరిత్రిటాల్, 965 మాల్టిటాల్, 960 స్టీవియా, 955 సుక్రలోజ్ అని గుర్తుపెట్టుకోండి. ఎరిత్రిటాల్ గురించి ఒక మాట కూడా చెప్పాలి. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బుల ప్రమాదం ఎక్కువగా కనిపించిందని 2023లో ఒక పరిశోధన వెలువడింది. అది సంబంధాన్ని చూపింది గాని, ఎరిత్రిటాల్ తినడమే కారణమని నిరూపించలేదు. అయినా గుండెకు స్టెంటు పడినవారికి, రక్తం గడ్డకట్టే ఇబ్బంది ఉన్నవారికి నేను తీపి లేని మిక్స్‌నే సూచిస్తాను. మీ నాన్నగారు తినేది టీ బన్ను కాబట్టి దానికి పెద్దగా తీపి అవసరం లేదు కూడా.

"నెట్ కార్బ్స్ 3 గ్రాములు" అన్న మాటను మీరే లెక్క కట్టి సరిచూసుకోండి. మొత్తం పిండిపదార్థాల నుంచి పీచును, తీపి ఆల్కహాళ్లను తీసివేస్తే మిగిలేదాన్ని నెట్ కార్బ్స్ అంటున్నారు. ఉదాహరణకు 100 గ్రాముల మిక్స్‌లో మొత్తం కార్బ్స్ 46 గ్రాములు, పీచు 24, ఎరిత్రిటాల్ 12 ఉన్నాయనుకుందాం. 46లోంచి 24, 12 తీసివేస్తే 10 మిగులుతుంది. అదే 12 గ్రాములు మాల్టిటాల్ అయితే సగమే తీసివేయాలి, అప్పుడు 16 అవుతుంది. ఆ 3 గ్రాముల లెక్క 100 గ్రాములకా, లేక 20 గ్రాముల "ఒక సర్వింగు"కా అన్నది కూడా చూడాలి. మీ నాన్నగారు తినే బన్నులో 40 గ్రాముల మిక్స్ పడితే అది రెండింతలవుతుంది. ఇంకొకటి: యూరప్ దేశాల నుంచి వచ్చిన ప్యాకెట్ అయితే అక్కడి పద్ధతిలో కార్బోహైడ్రేట్ అంకెలోంచి పీచును ముందే తీసివేసి ముద్రిస్తారు. దానిలోంచి మీరు పీచును మళ్లీ తీసివేస్తే లెక్క తప్పుతుంది.

పోల్చుకోవడానికి బేకరీ బన్ను సంగతి చెబుతాను. మన ఊళ్ల బేకరీలలో దొరికే మామూలు బన్ను 50 నుంచి 60 గ్రాముల బరువు ఉంటుంది, అందులో సుమారు 30 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దానితో తాగే టీలో రెండు చెంచాల చక్కెర ఉంటే ఇంకొక 10 గ్రాములు. చాలా ఇళ్లలో బన్ను మాన్పించి, టీలో చక్కెర అలాగే ఉంచుతారు. నా అభిప్రాయంలో ముందు టీలో చక్కెర తీసివేసి, ఆ తరువాతే బన్ను జోలికి వెళ్లాలి.

సజ్జలతో గాని రాగులతో గాని బన్ను చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతుంటారు, మీరూ అడగవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాములకు మైదాలో సుమారు 74 గ్రాములు, గోధుమ పిండిలో 64, రాగులలో 67, సజ్జలలో 62 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. వీటిలో పీచు, ఖనిజాలు ఎక్కువ, మైదా కంటే అన్ని విధాలా మేలు, అయితే ఇవి తక్కువ కార్బ్ కావు. మన ప్రకాశం జిల్లాలో విస్తారంగా పండే శనగ వీటికంటే నయం, పప్పులో సుమారు 47 గ్రాములు ఉంటుంది, అది రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఖరీదైన బాదం పిండిలో మూడవ వంతు శనగపిండి కలిపి నేను ఉప్పు కేకులు చేస్తుంటాను. పచ్చి శనగపిండి వాసన పోవడానికి ముందుగా దోరగా వేయించాలి.

ఇప్పుడు చేసే పద్ధతి. తీపి లేని బాదం రకం మిక్స్ అయితే 200 గ్రాములకు మూడు కోడిగుడ్లు, 60 గ్రాముల కరిగించిన వెన్న, సుమారు 100 మిల్లీలీటర్ల పాలు, నాలుగు ఏలకుల పొడి సరిపోతాయి. మిక్స్‌లో బేకింగ్ పౌడర్ ముందే ఉందో లేదో చూసి, లేకపోతే ఒక చెంచా వేయాలి. కొబ్బరి పిండి ఉన్న మిక్స్ నీటిని విపరీతంగా పీలుస్తుంది. కలిపిన పది నిమిషాల తరువాత చూస్తే గట్టిగా బిగుసుకుని ఉంటుంది. అప్పుడు మరికొన్ని పాలు పోయండి గాని, కలిపిన వెంటనే పలుచగా ఉన్నదని ఇంకా మిక్స్ వేయకండి. గిన్నెలతో, కప్పులతో కొలవడం ఇక్కడ పనికిరాదు, చిన్న డిజిటల్ కాటా తప్పనిసరి. మైదా కేకుకు పెట్టే 180 డిగ్రీలు దీనికి ఎక్కువ. బాదం త్వరగా నల్లబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. 160 నుంచి 165 డిగ్రీల మధ్య 35 నుంచి 40 నిమిషాలు ఉంచి, పైభాగం ఎర్రబడగానే అల్యూమినియం రేకు కప్పండి. ఓవెన్ లేకపోతే ఉప్పు పోసిన మందపాటి గిన్నెలో సన్నని మంట మీద చేయవచ్చు, సమయం ఎక్కువ పడుతుంది. పూర్తిగా చల్లారేదాకా కోయకండి. వేడిగా కోస్తే ముద్దగా కనిపించి ఉడకలేదన్న అనుమానం కలుగుతుంది.

గుడ్డు ఎక్కువగా పడే వంటకం కాబట్టి నీచు వాసన వస్తుందని కొందరు ఫిర్యాదు చేస్తారు. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, ఏలకులు గాని, నిమ్మ తొక్క తురుము గాని వేస్తే అది చాలావరకు పోతుంది. ఒక గుడ్డు పచ్చసొన తగ్గించడం కూడా ఉపయోగపడుతుంది.

రస్కు కావాలంటే ఇదే కేకును పొడవైన అచ్చులో కాల్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు వేలి మందాన ముక్కలు కోయాలి. వాటిని 120 డిగ్రీల దగ్గర ముప్పావు గంట సేపు, మధ్యలో ఒకసారి తిప్పి, ఎండబెట్టాలి. ఆపివేసిన తరువాత ఓవెన్‌లోనే చల్లారనివ్వండి. టీలో ముంచడానికి నేను చేసేవాటిలో ఇవే బాగా నిలుస్తాయి, అయినా మైదా రస్కులాగా ఎక్కువసేపు కప్పులో ఉంచితే తెగిపోతాయి. ముంచి వెంటనే తినాలని ముందే చెప్పండి.

ఇంత చెప్పినా బన్నే కావాలంటే, మిక్స్ జోలికి పోకుండా నేను వాడే కొలతలు ఇవి: బాదం పిండి 150 గ్రాములు, మెత్తగా పొడి చేసిన ఇసబ్‌గోల్ పొట్టు 40 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు చెంచాలు, ఉప్పు ఒక చెంచాకు తక్కువ, వెనిగర్ రెండు చెంచాలు, మూడు గుడ్ల తెల్లసొన, మరిగిన నీళ్లు ఒక కప్పుకు కొంచెం తక్కువ. పొడి దినుసులు కలిపి, తెల్లసొన, వెనిగర్ వేసి, చివరగా వేడి నీళ్లు పోస్తూ త్వరగా కలపాలి. పది నిమిషాలు ఆగితే చేతికి అంటుకోని ముద్దగా మారుతుంది. తడి చేతితో ఆరు ఉండలు చేసి 175 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు కాల్చాలి. తట్టితే డొల్లగా మోగితే అయినట్లు. ఒక్కొక్క దానిలో పీచు పోగా పిండిపదార్థం సుమారు 3 గ్రాములే ఉంటుంది. అయితే కేలరీలు బేకరీ బన్నుకు దాదాపు సమానమే, కాబట్టి షుగరుతో పాటు బరువు కూడా తగ్గాలనుకునేవారు రెండు మూడు తినడానికి వీలులేదు. కొన్ని రకాల ఇసబ్‌గోల్‌తో బన్ను లోపల లేత ఊదా రంగు వస్తుంది. అది పాడైనట్లు కాదు, భయపడకండి.

మీటరు పరీక్ష. ఒక సాయంత్రం తినబోయే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. ఒక రోజు సగం బేకరీ బన్ను, చక్కెర లేని టీ. మరొక రోజు మిక్స్‌తో చేసిన రస్కులు, అదే టీ. రెండు రోజులలోనూ మధ్యాహ్న భోజనం ఒకేలా, ఒకే సమయానికి ఉండాలి, నడక తేడా ఉండకూడదు. చూడవలసింది రెండు అంకెల మధ్య పెరుగుదల. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకుండా వేరే రోజులలో మళ్లీ చూడండి. తిన్న తరువాత 180 లోపు ఉండాలని సాధారణంగా చెబుతారు, మీ డాక్టరు వేరే హద్దు చెప్పి ఉంటే అదే పాటించండి. నా దగ్గర కొనేవారిలో కొందరికి సగం బన్నుతో పాటు ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేరుశనగ గుళ్లో తింటే పెరుగుదల హద్దులోనే ఉంటున్నది. అటువంటివారికి ఈ ఖరీదైన మిక్స్ అవసరమే లేదని నేను చెప్పి పంపిస్తాను. బాదం పిండి ధర మైదాకు ఎన్నో రెట్లు. ఆ డబ్బుతో స్ట్రిప్పులు కొంటే సగం బన్ను సరిపడుతుందో లేదో ముందే తేలుతుంది.

మందుల విషయంలో మూడు సంగతులు డాక్టరును అడగండి. నాన్నగారి మాత్రలలో గ్లిమెపిరైడ్ గాని గ్లిక్లజైడ్ గాని ఉంటే, ఒక్కసారిగా పిండిపదార్థం బాగా తగ్గించినప్పుడు షుగరు పడిపోవచ్చు. 70 కంటే దిగితే అది ప్రమాదం, వణుకు, చెమటలు వస్తే వెంటనే గ్లూకోజో చక్కెరో ఇవ్వాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారు సాయంత్రం టీకి మాత్రమే కాక రోజంతా కార్బ్స్ దాదాపు మానివేస్తే, షుగరు మామూలుగా కనిపిస్తూనే కీటోయాసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) వచ్చే అవకాశం ఉంది. ఇక మాత్రలు ఒంటికి పట్టడాన్ని ఇసబ్‌గోల్ ఆలస్యం చేయగలదు కాబట్టి, ఈ బన్నుకూ మాత్రకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచడం మంచిది. తిన్న తరువాత నీళ్లు బాగా తాగాలి. మూత్రపిండాలలో రాళ్లు వచ్చినవారికి బాదంలోని ఆక్సలేట్లు, మూత్రపిండాలు బలహీనపడినవారికి దానిలోని ఫాస్ఫరస్, పొటాషియం ఇబ్బంది కావచ్చు. క్రియాటినిన్ ఎక్కువ ఉందని రిపోర్టు వచ్చి ఉంటే డాక్టరును అడగకుండా ఏ బాదం మిక్సూ మొదలుపెట్టకండి.

నిల్వ విషయం మన వాతావరణానికి ప్రత్యేకంగా చెప్పాలి. కావలిలో సముద్రపు గాలి తేమ, ఎండాకాలంలో వేడి, రెండూ బాదం పిండికి శత్రువులే. విప్పిన ప్యాకెట్‌ను గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లోనే పెట్టండి. వంటగది అరలో రోహిణి కార్తె దాటేసరికి అది చేదెక్కి, పాత నూనె వాసన వేస్తుంది. చేసిన కేకు బయట ఒక రోజుకు మించి ఉంచకండి. మైదా బన్ను ముందు గట్టిపడి తరువాత పాడవుతుంది, ఇది మెత్తగానే ఉండి బూజు పడుతుంది కాబట్టి చూపుకు మోసం చేస్తుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని, కావలసినప్పుడు పెనం మీద వేడి చేసుకోవచ్చు. రస్కులు డబ్బాలో వారం నిలుస్తాయి, మెత్తబడితే మళ్లీ పది నిమిషాలు ఓవెన్‌లో ఉంచండి.

ఇవన్నీ చేసి చూసిన తరువాత కూడా నాన్నగారికి నచ్చక ప్యాకెట్ మిగిలిపోతే, అది తీపి లేని రకమైతే పారవేయనవసరం లేదు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి కలిపిన చేప ముక్కలకు ఈ మిక్స్ పైపూతగా అద్ది, తక్కువ నూనెతో పెనం మీద వేయించండి. మంట సన్నగా ఉంచాలి, బాదం త్వరగా మాడుతుంది. బియ్యప్పిండో మొక్కజొన్న పిండో అద్దిన వేపుడు కంటే పిండిపదార్థం తక్కువ, కరకర కొంచెం తగ్గుతుంది గాని రుచికి లోటు ఉండదు.